నర్సింగ్ టీచరు డాక్టరేట్: ప్రకటనలో కనిపించని లెక్క

అమెరికాలో 2023లో అర్హతలన్నీ ఉన్నా నర్సింగ్ కాలేజీలు సీటు ఇవ్వలేక తిప్పి పంపిన దరఖాస్తులు 65,766. డిగ్రీ, ఆపై కోర్సులు రెండూ కలిపిన ఈ లెక్కను అమెరికన్ నర్సింగ్ కాలేజీల సంఘం (ఏఏసీఎన్) విడుదల చేసింది. అంతకు ముందు ఏడాది ఈ సంఖ్య 78,191. దానికి ముందు ఏడాది 91,938. ఆ మూడేళ్లలో తగ్గిన మాట నిజమే. అయినా ఆసుపత్రుల్లో నర్సుల్లేరని గగ్గోలు పెట్టే దేశం నర్సు కావాలని వచ్చినవాళ్లను వేలల్లో వెనక్కి పంపడం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇవి దరఖాస్తుల సంఖ్యలు, మనుషుల సంఖ్యలు కావు. ఒకే అమ్మాయి నాలుగు కాలేజీలకు అప్లై చేసి, మూడుచోట్ల సీటు రాక నాలుగోచోట చేరినా ఈ పట్టికలో మూడుసార్లు కనిపిస్తుంది. కాబట్టి 65 వేల మంది చదువుకు దూరమయ్యారని రాసే పత్రికల్ని నమ్మకండి. కారణాల విషయంలో మాత్రం పెద్దగా వాదన లేదు. క్లినికల్స్‌కు తగినన్ని ఆసుపత్రి పడకలు దొరకవు, తరగతి గదులు చాలవు, డబ్బుండదు. వీటితోపాటు ప్రతి సర్వేలోనూ పైవరుసలో కనిపించే కారణం, పాఠం చెప్పేవాళ్లు లేకపోవడం.

ఆ ఖాళీలకూ లెక్క ఉంది. 2023 సర్వేలో 922 నర్సింగ్ కాలేజీల్లో ఫుల్‌టైమ్ అధ్యాపకుల ఖాళీలు 1,977గా తేలాయి. ఉన్న పోస్టుల్లో ఇది 7.8 శాతం, సగటున కాలేజీకి రెండు. రెండే కదా అనిపిస్తుంది. అయితే క్లినికల్ బ్యాచ్‌లో ఒక టీచరు కింద ఎనిమిది నుంచి పది మందిని మించి పెట్టకూడదని చాలా రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు, ఆసుపత్రులు గీత గీస్తాయి. ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చుకుంటున్న పిల్లల పక్కన ఎవరో ఒకరు నిలబడి చూడాల్సిందే. ఫిజిక్స్ పాఠంలా 200 మందికి ఒకేసారి మైకులో చెప్పి వెళ్లిపోయే చదువు కాదిది. ఒక్క టీచరు తగ్గితే ఒక బ్యాచ్ మొత్తం తగ్గుతుంది.

ఈ కథనానికి అసలు కారణమైన అంకె ఇంకొకటి. ఆ 1,977 ఖాళీల్లో 79.8 శాతం పోస్టులకు డాక్టరేట్ తప్పనిసరి, లేదా డాక్టరేట్ ఉన్నవాళ్లకు ప్రాధాన్యం. అంటే ఆ ఏడాది సుమారు 1,578 కుర్చీలు డాక్టరేట్ ఉన్నవాళ్ల కోసం ఎదురుచూశాయి. ‘ఇంట్లో కూర్చునే, ఉద్యోగం మానకుండానే నర్సింగ్ ఎడ్యుకేషన్‌లో డాక్టరేట్’ అనే ప్రకటనలన్నీ ఈ అంకె చుట్టూ పుట్టినవే. అమెరికాలో స్థిరపడిన మన నర్సులకూ, ఇక్కడ ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి పాఠాలు చెబుతున్నవాళ్లకూ వాట్సాప్‌లో వచ్చి పడుతున్న లింకులూ ఇవే.

అంత గిరాకీ ఉంటే కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయి? జీతం చూస్తే తెలుస్తుంది. నర్స్ ప్రాక్టీషనర్‌గా పనిచేస్తే మధ్యస్థ వార్షిక జీతం 1,20,000 డాలర్లు అని ఆ వృత్తి సంఘం చెప్పింది. మాస్టర్స్ డిగ్రీతో నర్సింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే సగటు జీతం 87,325 డాలర్లని ఏఏసీఎన్ 2022 మార్చిలో లెక్క చెప్పింది. తేడా 32,675 డాలర్లు. ఇద్దరి చదువూ మాస్టర్స్ స్థాయిదే. అమెరికా కార్మిక శాఖ లెక్కలో మామూలు రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ జీతమే 2023 మే నాటికి 86,070 డాలర్లు. అంటే పాఠం నేర్చుకుని వార్డులోకి వెళ్లిన శిష్యురాలు రెండు ఓవర్‌టైమ్ షిఫ్టులు ఎక్కువ చేస్తే టీచరమ్మ జీతాన్ని దాటేస్తుంది.

టీచరు జీతాన్ని చూసేటప్పుడు తరచూ మరిచిపోయే విషయం, అది ఎన్ని నెలల జీతం అన్నది. చాలా విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఒప్పందం తొమ్మిది నెలలకే ఉంటుంది. ఉదాహరణకు తొమ్మిది నెలలకు 81,000 అంటే పనిచేసిన నెలకు 9,000. అదే మొత్తాన్ని పన్నెండు నెలలకు పంచుకుంటే నెలకు 6,750. వేసవి మూడు నెలలూ ఆసుపత్రిలో షిఫ్టులు చేసి లోటు పూడ్చుకునే నర్సు టీచర్లు తక్కువేమీ కాదు. ఆఫర్ లెటర్‌లో డాలర్ గుర్తు పక్కనున్న అంకె కంటే ముందు ‘తొమ్మిదా, పన్నెండా’ అన్న అంకెను వెతకాలి.

ఇక డిగ్రీల సంగతి. నర్సింగ్‌లో డాక్టరేట్ అంటే ఒకటి కాదు, మూడు దారులు. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

మొదటిది ఎడ్‌డీ, అంటే విద్యాశాస్త్ర డాక్టరేట్. నర్సుల డాక్టరేట్లలో వయసులో ఇదే పెద్దది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో 1899లోనే నర్సులకు బోధన, ఆసుపత్రి నిర్వహణ నేర్పే కోర్సు మొదలైంది. 1907లో మేరీ అడిలైడ్ నటింగ్ అక్కడే ప్రొఫెసర్ అయ్యారు. ప్రపంచంలో నర్సింగ్ ప్రొఫెసర్ పదవి పొందిన తొలి నర్సు ఆమే. నర్సు టీచర్లకు డాక్టరేట్ ఇవ్వడం 1920లలో ఆ కాలేజీలోనే మొదలైంది. ఇప్పుడు అదే కాలేజీ నర్సింగ్ ఎడ్యుకేషన్‌లో ఎడ్‌డీని ఆన్‌లైన్‌లో నడుపుతోంది. పాఠ్యప్రణాళిక ఎలా రాయాలి, పరీక్ష ప్రశ్న ఎలా తయారుచెయ్యాలి, సిమ్యులేషన్ ల్యాబ్‌లో బొమ్మ రోగిని పెట్టి నేర్పింది నిజంగా పనిచేసిందా లేదా ఎలా కొలవాలి... ఎడ్‌డీ చదువు ఇలాంటి ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

రెండోది పీహెచ్‌డీ. న్యూయార్క్ విశ్వవిద్యాలయం 1934లో నర్సులకు ఈ దారి తెరిచింది. ఇది పరిశోధకుల్ని తయారుచేసే చదువు. పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయంలో టెన్యూర్, అంటే శాశ్వత పదవి, కావాలంటే ఇప్పటికీ ఎక్కువ బలం దీనికే. మూడోది డీఎన్‌పీ, డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్. వయసులో చిన్నది, సంఖ్యలో అన్నిటికంటే పెద్దది. 2001లో కెంటకీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 2004 అక్టోబరులో ఏఏసీఎన్ సభ్య కాలేజీలు ఓటు వేసి, ఉన్నత స్థాయి ప్రాక్టీస్ నర్సులందరికీ 2015 నాటికి ఇదే చదువు కావాలని తీర్మానించాయి. గడువు దాటిపోయింది, తీర్మానం పూర్తిగా నెరవేరలేదు, కోర్సులు మాత్రం దేశమంతా పాకాయి. ఇప్పుడు డీఎన్‌పీ చదువుతున్నవాళ్లు 40 వేలు దాటారు. నర్సింగ్ పీహెచ్‌డీ చదువుతున్నవాళ్లు 5 వేల లోపే. పైగా ఆ సంఖ్య 2013 తర్వాత తగ్గుతూ వచ్చింది.

2010లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ‘నర్సింగ్ భవిష్యత్తు’ నివేదికలో, 2020 నాటికి డాక్టరేట్ ఉన్న నర్సుల సంఖ్య రెట్టింపు కావాలని కోరింది. రెట్టింపు దాటింది. పెరిగినవాళ్లలో అత్యధికులు డీఎన్‌పీలు. వాళ్లు చదివింది రోగిని మెరుగ్గా చూడటానికి, టీచరు కావడానికి కాదు. 2006లో ఏఏసీఎన్ రాసిన డీఎన్‌పీ నియమావళే, బోధనలోకి రావాలనుకునేవాళ్లు బోధనాశాస్త్రం విడిగా చదువుకోవాలని చెప్పింది. ఆ నియమావళి డీఎన్‌పీకి బీఎస్సీ నర్సింగ్ తర్వాత 1,000 గంటల ప్రాక్టీస్ పెట్టింది. ఆ వెయ్యి గంటలూ ప్రాక్టీస్ కోసమే. తరగతి గదికి అందులో వాటా లేదు. కాలేజీలు డీఎన్‌పీలను ఆనందంగానే తీసుకుంటున్నాయి, ఎందుకంటే ఖాళీ నింపాలి. కానీ మీ లక్ష్యం బోధన అయితే, ప్రకటనలో ‘నర్సింగ్ డాక్టరేట్’ అని ఉండగానే తృప్తి పడకుండా అది ఏ డాక్టరేటో మొదట చూడాలి.

గుర్తింపు విషయంలో ఒక మెలిక ఉంది. నర్సింగ్ కోర్సుల నాణ్యతకు ముద్ర వేసే సీసీఎన్ఈ సంస్థ డిగ్రీకి, మాస్టర్స్‌కి, డీఎన్‌పీకి గుర్తింపు ఇస్తుంది. పీహెచ్‌డీకి, ఎడ్‌డీకి ఇవ్వదు. పరిశోధన డాక్టరేట్ దాని పరిధిలోనే లేదు. కాబట్టి ‘మా నర్సింగ్ స్కూల్‌కు సీసీఎన్ఈ గుర్తింపు ఉంది’ అని ఎడ్‌డీ పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, అది అబద్ధం కాకపోవచ్చు, కానీ మీరు చేరబోయే కోర్సు గురించి కాకపోవచ్చు. అక్కడ చూడాల్సింది మొత్తం విశ్వవిద్యాలయానికి ఉన్న సంస్థాగత గుర్తింపు. మిడిల్ స్టేట్స్, హయ్యర్ లెర్నింగ్ కమిషన్ వంటి సంస్థలు ఇచ్చేది అదే. అది లేని డాక్టరేట్‌ను పేరున్న ఏ కాలేజీ నియామక కమిటీ ముందుకూ తీసుకెళ్లలేం.

ఇప్పుడు చదువు బరువు చూద్దాం. ఒక ఊహాచిత్రం గీసుకుందాం. డల్లాస్‌లో మాస్టర్స్ చేసిన తెలుగు నర్సు, వయసు నలభై పైన, ఇద్దరు పిల్లలు. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు, మొత్తం 36 గంటలు. మాస్టర్స్ తర్వాత ఎడ్‌డీకి 54 క్రెడిట్లు అనుకుందాం. కోర్సును బట్టి ఇది కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అమెరికా ప్రభుత్వ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అంటే దాదాపు పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట తరగతి, రెండు గంటల సొంత చదువు. మొత్తం 45 గంటలు. 54 క్రెడిట్లకు 2,430 గంటలు. ఆమె వారం డ్యూటీ లెక్కన చూస్తే 67 వారాలకు పైగా అవుతుంది. ఏడాది దాటి ఇంకో మూడు నెలల పైచిలుకు, జీతం లేని డ్యూటీ చేసినట్టు.

టర్ముకు ఆరు క్రెడిట్లు, వేసవితో కలిపి ఏడాదికి మూడు టర్ములు. అప్పుడు వారానికి 18 గంటల చదువు, తొమ్మిది టర్ములు, మూడేళ్లు. డ్యూటీ 36, చదువు 18, కలిపి 54 గంటలు. ఇందులో వంట లేదు, పిల్లల హోంవర్కు లేదు, ఇండియాకు ఫోను లేదు. ఆన్‌లైన్ అనగానే కలిసొచ్చేవి ప్రయాణం, వేళ ఎంచుకునే వీలు. తరగతికి ఫలానా గంటకు కూర్చోనక్కర్లేదు, నైట్ డ్యూటీ దిగి వచ్చి పాఠం వినొచ్చు, చర్చలో ఆదివారం అర్ధరాత్రి లోపు రాయొచ్చు. నర్సుకు ఇది చిన్న సౌకర్యమేమీ కాదు, షిఫ్టుల జీవితానికి నిజంగా సరిపోయే పద్ధతి ఇదే. కానీ 45 గంటలు 45 గంటలే. కెమెరా ముందు అవి కరిగిపోవు. పూర్తిగా ఆన్‌లైన్ అని చెప్పే కోర్సుల్లోనూ చాలావాటికి ఏడాదికోసారి రెండు మూడు రోజులు క్యాంపస్‌కు రావాలన్న షరతు ఉంటుంది. బోధనా ప్రాక్టికమ్ అయితే నిజమైన కాలేజీలో, నిజమైన విద్యార్థుల ముందు నిలబడి చెయ్యాలి. ఆ కాలేజీని ఒప్పించుకునే భారం చాలాసార్లు విద్యార్థి మీదే పడుతుంది. ఇంకో రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో చేరితే మీ రాష్ట్రంలో ప్రాక్టికమ్ చెయ్యడానికి అనుమతి ఉందో లేదో కూడా ముందే అడగాలి. దూరవిద్యపై రాష్ట్రాల మధ్య ఒప్పందంలో చాలాకాలం చేరకుండా ఉండిపోయిన పెద్ద రాష్ట్రం కాలిఫోర్నియా. మనవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అదొకటి.

ఫీజు సంగతికొద్దాం. క్రెడిట్‌కు 900 డాలర్లు అనుకుందాం. ఇంతకంటే చౌకవి ఉన్నాయి, రెట్టింపువీ ఉన్నాయి. 54 క్రెడిట్లకు 48,600 డాలర్లు. ఏడాదికి 16,200. టెక్నాలజీ ఫీజు, క్యాంపస్ ప్రయాణం, పుస్తకాలు దీనికి అదనం. ప్రకటన ఇక్కడితో ఆగిపోతుంది. అసలు ఖర్చు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

డాక్టరేట్‌కీ మిగతా చదువులకీ తేడా థీసిస్. అమెరికాలో డిసర్టేషన్ అంటారు. కోర్సులన్నీ పాసై థీసిస్ ఒక్కటే మిగిలినవాళ్లకు అక్కడ ఒక పేరుంది, ఏబీడీ. ఆ మూడక్షరాలు బిరుదు కాదు. ఆ స్థితిలో ఏళ్లకేళ్లు ఉండిపోయేవాళ్లున్నారు. కమిటీకి చైర్ దొరకాలి, ప్రొపోజల్ ఒప్పుకోవాలి, మనుషుల మీద పరిశోధన కాబట్టి నైతిక సమీక్ష మండలి ఐఆర్‌బీ అనుమతి రావాలి. నర్సింగ్ విద్యార్థుల మీద సర్వే అంటే ఆ విద్యార్థుల కాలేజీ ఐఆర్‌బీ కూడా సరేననాలి. సర్వే పంపితే జవాబులు రావు, మళ్లీ పంపాలి. చైర్ సెలవులో వెళ్తారు, ఉద్యోగం మారతారు. ఆన్‌లైన్ విద్యార్థి కాఫీ పట్టుకుని వాళ్ల గది ముందు నిలబడలేరు. మెయిల్ పంపి రెండు వారాలు ఎదురుచూస్తారు.

ఈ ఎదురుచూపుకు కూడా ఫీజు ఉంటుంది. థీసిస్ పూర్తయ్యేవరకు ప్రతి టర్మూ ఒకటి నుంచి మూడు క్రెడిట్లకు నమోదవుతూనే ఉండాలని చాలా విశ్వవిద్యాలయాల నియమం. మన డల్లాస్ నర్సుకు టర్ముకు మూడు క్రెడిట్లయితే 2,700 డాలర్లు, ఏడాదికి 8,100. మూడేళ్లలో అయిపోవాల్సింది ఐదేళ్లు పడితే అదనం 16,200. ప్రకటనలో చెప్పిన మొత్తం ఫీజులో ఇది సరిగ్గా మూడో వంతు. 48,600 కాస్తా 64,800 అయింది. ఈ రెండేళ్లలో ఆమెకు కొత్త పాఠం ఒక్కటీ చెప్పలేదు.

ఇది ఊహ మాత్రమే అనుకునేవాళ్లు వాల్డెన్ విశ్వవిద్యాలయం కేసును చూడొచ్చు. ఆన్‌లైన్‌లో నడిచే ఆ లాభాపేక్ష సంస్థపై వ్యాపార నిర్వహణ డాక్టరేట్ విద్యార్థులు దావా వేశారు. చెప్పిన దానికంటే ఎక్కువ క్రెడిట్లు, ఎక్కువ కాలం తుది ప్రాజెక్టులో తమను ఇరికించారన్నది ఆరోపణ. నల్లజాతి విద్యార్థుల్ని, మహిళల్ని గురిపెట్టి చేర్చుకున్నారని కూడా అన్నారు. 2024లో సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 2 కోట్ల 85 లక్షల డాలర్లకు రాజీ పడింది. అది నర్సింగ్ కోర్సు కాదు. కానీ ఫీజు పెరిగే దారి అదే, ఆన్‌లైన్ డాక్టరేట్ దేనికైనా.

ఎంతమంది పూర్తి చేస్తారన్నది ఇంకా ముఖ్యం. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి 2000 దశకంలో చేసిన పెద్ద అధ్యయనంలో, పీహెచ్‌డీలో చేరినవాళ్లలో పదేళ్లలో పూర్తి చేసినవాళ్లు 57 శాతం. ఇంజినీరింగ్‌లో 64, మానవీయ శాస్త్రాల్లో 49. అందులో నర్సింగ్ విడిగా లేదు. పైగా అవి ఎక్కువగా క్యాంపస్‌లో ఫెలోషిప్‌తో చదివేవాళ్ల సంఖ్యలు. 36 గంటల డ్యూటీ చేసి వచ్చి రాత్రి రాసుకునేవాళ్లకు పరిస్థితి ఇంతకంటే తేలికగా ఉంటుందని అనుకోవడానికి నాకైతే కారణం కనిపించదు. అందుకే అడ్మిషన్ సలహాదారు ఫోన్ చేసినప్పుడు క్రెడిట్ ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్న, ‘ఐదేళ్ల క్రితం చేరినవాళ్లలో ఇవాళ్టికి ఎంతమంది పూర్తి చేశారు, సగటున ఎన్ని టర్ములు పట్టింది?’ అన్నది. అంకె చెప్తే రాసుకోండి. ‘అది విద్యార్థి కష్టాన్ని బట్టి ఉంటుందండీ’ అంటే అదీ రాసుకోండి. రెండో ప్రశ్న, ఒక్కో చైర్ కింద ఇప్పుడు ఎంతమంది ఉన్నారని.

డబ్బు ఎవరిస్తారు? టీచరు కావాలనుకునే నర్సుకు అమెరికా ప్రభుత్వం చూపే దారుల్లో అన్నిటికంటే మంచిది నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రామ్. డబ్బు నేరుగా విద్యార్థికి రాదు. ప్రభుత్వం ఎంపిక చేసిన కాలేజీలకు ఇస్తే అవి అప్పుగా ఇస్తాయి. చదువయ్యాక నర్సింగ్ కాలేజీలో ఫుల్‌టైమ్‌గా పాఠాలు చెబితే మొదటి మూడేళ్లూ ఏడాదికి 20 శాతం చొప్పున, నాలుగో ఏడు 25 శాతం అప్పు మాఫీ అవుతుంది. మొత్తం 85 శాతం. 40,000 అప్పు తీసుకుంటే 8,000, 8,000, 8,000, ఆపై 10,000 పోయి అసలులో 6,000 మిగులుతుంది. పైన చెప్పిన జీతం తేడాను ఇది కొంతైనా పూడుస్తుంది. మీరు చేరబోయే కాలేజీ ఈ పథకంలో ఉందా అన్నది కోర్సు ర్యాంకు కంటే ఎక్కువ విలువైన సమాచారం. కానీ షరతొకటుంది. పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. హెచ్-1బీ మీద ఉన్న నర్సు చదువుకోవచ్చు గానీ ఈ అప్పు అందదు. ఇండియాలో పుట్టినవాళ్లకు గ్రీన్‌కార్డు వరుస ఎంత పొడవో మన కుటుంబాలకు చెప్పక్కర్లేదు.

మామూలు ఫెడరల్ విద్యారుణాల పరిస్థితి 2025లో మారింది. జులైలో సంతకమైన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్‌ప్లస్ రుణాలు ఉండవు. గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్లు పరిమితి. ‘వృత్తి విద్య’ జాబితాలో ఉన్నవాళ్లకు ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. వైద్యం, న్యాయం ఆ జాబితాలో ఉన్నాయి. విద్యాశాఖ ప్రతిపాదించిన నిర్వచనంలో నర్సింగ్ లేదు. 2025 చివర్లో నర్సుల సంఘాలు దీనిపై మండిపడ్డాయి. మన లెక్కలో క్రెడిట్‌కు 900 అయితే ఏడాదికి 16,200 కాబట్టి ఇబ్బంది లేదు. అదే పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో క్రెడిట్‌కు 1,800 అయితే ఏడాదికి 32,400. 20,500 పోను లోటు 11,900. దాన్ని ప్రైవేటు అప్పుతో పూడ్చాలి, లేదా క్రెడిట్లు తగ్గించుకుని చదువును ఇంకో రెండేళ్లు సాగదీయాలి.

డాక్టరేట్ లేకుండా పాఠం చెప్పలేమా? చెప్పొచ్చు. క్లినికల్ బోధనకు, కమ్యూనిటీ కాలేజీలకు చాలాచోట్ల మాస్టర్స్ చాలు. నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ 2005 నుంచి సర్టిఫైడ్ నర్స్ ఎడ్యుకేటర్ పరీక్ష పెడుతోంది. 150 ప్రశ్నలు, మూడు గంటలు, లెక్కలోకి తీసుకునేవి 130. దానికి డాక్టరేట్ అక్కర్లేదు. పాఠం చెప్పడం తనకు నచ్చుతుందో లేదో ఇంకా తేల్చుకోని నర్సు, 48,600 డాలర్ల పని మొదలుపెట్టే ముందు రెండు సెమిస్టర్లు క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి చూడటం తెలివైన పని అని నా అభిప్రాయం. సిద్ధాంత పాఠాలు చెప్పే పూర్తికాలపు పోస్టు, పదోన్నతి, డీన్ కుర్చీ కావాలంటే మాత్రం డాక్టరేట్ దగ్గరికే రావాలి.

ఇక మన రాష్ట్రాల్లో ఉండి ఈ ప్రకటనలు చూస్తున్నవాళ్ల సంగతి. క్రెడిట్‌కు 900, డాలరుకు 85 రూపాయలు అనుకుంటే ఆ 48,600 డాలర్లు 41 లక్షల 31 వేల రూపాయలు. అంత పెట్టినా అమెరికా వీసా రాదు. ఎఫ్-1 విద్యార్థి పూర్తికాలపు చదువు లెక్కలో టర్ముకు ఒకే ఒక్క ఆన్‌లైన్ కోర్సును, అంటే మూడు క్రెడిట్లను మాత్రమే చూపించుకోగలరు. పూర్తి ఆన్‌లైన్ డాక్టరేట్‌తో వీసా దారి మూసుకున్నట్టే. పైగా చాలా కోర్సులకు అమెరికా నర్సింగ్ లైసెన్సు అడుగుతారు.

ఇక్కడి ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, యూజీసీ మాట సూటిగా ఉంది. 2022 నవంబరు నాటి పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ నడపకూడదు. ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల్లో నర్సింగే నిషేధిత జాబితాలో ఉంది. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ఆన్‌లైన్ పీహెచ్‌డీ ఇస్తామంటున్న ఎడ్‌టెక్ కంపెనీల ప్రకటనలకు మోసపోవద్దని 2022 అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి. ఆ తర్వాత కూడా ప్రకటనలు ఆగలేదు.

ఉద్యోగం చేసుకుంటూ చదవడానికి దారి మూసేశారని కాదు. అవే 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి అనుమతించాయి, పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తెస్తే చాలు. పీజీలో 55 శాతం మార్కులు, కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు, కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు, ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు. భారత నర్సింగ్ కౌన్సిల్ కర్ణాటకలోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంతో కలిసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 2005-06లో జాతీయ పీహెచ్‌డీ కన్సార్టియం మొదలుపెట్టింది కూడా. ఫీజు అమెరికా లెక్కతో పోల్చదగ్గది కాదు.

అయితే మన దగ్గర డాక్టరేట్‌కు ఉద్యోగంలో దొరికే విలువ వేరు. కౌన్సిల్ నియమాల్లో నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఎమ్మెస్సీ నర్సింగ్, 15 ఏళ్ల అనుభవం, అందులో 12 ఏళ్ల బోధన తప్పనిసరి. పీహెచ్‌డీ ఉంటే మంచిది అంటారు, అంతే. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 1,570 కోట్ల రూపాయలతో 157 కొత్త నర్సింగ్ కాలేజీలకు ఆమోదం చెప్పింది. ఏడాదికి 15,700 మంది పట్టభద్రులు బయటికి వస్తారని అంచనా. నాలుగేళ్ల కోర్సు నిండితే 62,800 మంది విద్యార్థులు. పది మందికి ఒక టీచరు అన్న నియమం పాటిస్తే 6,280 మంది టీచర్లు కావాలి. వాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఎమ్మెస్సీయే, అదీ పడక పక్కన నిలబడి నేర్పగలిగిన అనుభవంతో.

పీహెచ్‌డీ కొరత ఇంకోచోట తగులుతుంది. ఆ ఎమ్మెస్సీ టీచర్లు రేపు పీహెచ్‌డీ చెయ్యాలంటే గైడ్ కావాలి. గైడ్‌కు పీహెచ్‌డీ ఉండాలి, పరిశోధన పత్రాలు ఉండాలి. యూజీసీ నియమం ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. నోటిఫికేషన్ వచ్చిన రోజున అభ్యర్థి మొదట చూసుకోవాల్సింది తన మార్కుల్ని కాదు, తను రాయాలనుకుంటున్న అంశంలో ఆ ఎనిమిది, ఆరు, నాలుగులో ఖాళీ ఎవరి దగ్గరుందో.